ఆకాశవాణిలో పనిచేసేవాళ్లు అసలు ఏ దారిలో అక్కడికి చేరారు?

కొబ్బరితోట (రాజోలు)

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఏటిగట్టు పక్క ఊరు. రాజమహేంద్రవరంలో ఎం.ఏ. తెలుగు ఈ ఏడాదే పూర్తి చేశాను. నాకు రేడియోలో పనిచేయాలని ఉంది. వార్తలైనా సరే, కార్యక్రమాలైనా సరే.

మా ఇంట్లో రేడియో ఇంకా మోగుతూనే ఉంటుంది. కొబ్బరి దింపు రోజున నాన్నగారు మకాం గుంజకు రేడియో తగిలించి కాయలు లెక్కపెట్టిస్తారు. మా నాయనమ్మకు చూపు మందగించింది కాబట్టి పొద్దున్నే పేపరు నేనే చదివి వినిపిస్తాను. తొందరపడితే ఊరుకోదు, మళ్లీ మొదటినుంచి చదవమంటుంది.

సలహా అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. జర్నలిజం చదవకపోతే లోపలికి రానివ్వరని ఒకరు, యూపీఎస్సీ రాయాలని ఒకరు. రేడియోలో ఇప్పుడు ఉద్యోగాలే లేవు, బీఎడ్ చేసి డీఎస్సీకి కూర్చోమని మా మావయ్య. అక్కడ పనిచేసినవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే దయచేసి చెప్పండి. మీరు ఏం చదివారు, ముందు ఏ పని చేశారు, ఎలా వెళ్లారు? కోనసీమలో ఉంటూ చేయగలిగే పని ఏదైనా ఉందా?

పాత టేపు (తణుకు)

అమ్మా, నీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. రేడియోనే కావాలని అడిగే పిల్లలు ఇంకా ఉన్నారు. నేను ఆకాశవాణిలో ప్రసార నిర్వహణాధికారిగా చేరి, కార్యక్రమ నిర్వహణాధికారిగా పదవీ విరమణ చేశాను. అంతకుముందు ఒక ట్యుటోరియల్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. జర్నలిజం ఒక్క రోజు కూడా చదవలేదు.

రేడియో ఉద్యోగం అంటే ఒకటే ఉద్యోగం అనుకుంటారు బయటివాళ్లు. ఒకే ప్రహరీలో నాలుగు వేర్వేరు కొలువులుంటాయి. వార్తా విభాగం ఒకటి. అందులోని అధికారులు ఎక్కువగా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు నుంచి, యూపీఎస్సీ ద్వారా వస్తారు. నీకు జర్నలిజం చదవాలని చెప్పినవారి మాట ఇక్కడ నిజం. ఈ సర్వీసులో గ్రూప్ బి పోస్టులకు పట్టంతో పాటు జర్నలిజంలో డిప్లొమానో డిగ్రీనో అడుగుతారు. ఈ సర్వీసువారు రేడియోలోనే ఉండిపోరు. ఈరోజు ఆకాశవాణి వార్తలు చూసిన మనిషి రేపు పత్రికా సమాచార కార్యాలయంలో ఉండవచ్చు, ఆ తరువాత దూరదర్శన్ వార్తల్లోనో యోజన పత్రికలోనో తేలవచ్చు. రెండోది కార్యక్రమాల విభాగం, నేను పనిచేసింది అక్కడే. మూడోది ఇంజినీరింగ్. నాలుగోది కళాకారులు: గాయకులు, వాద్యకారులు, నాటక గాత్రాలు, అనౌన్సర్లు. ఈ నలుగురూ ఒకే క్యాంటీనులో టీ తాగుతారు కానీ వచ్చిన దారులు ఎక్కడా కలవవు.

మన గోదావరి వాళ్ల సంగతే చూడు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1920లో నిడదవోలులో పుట్టారు. నీలాగే తెలుగు ఎం.ఏ. చదివి 1941లో మద్రాసు కేంద్రంలో చేరారు. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఆయన రాసి స్వరపరచిన పాటను టంగుటూరి సూర్యకుమారి పాడారు. అక్కడినుంచి స్టేషన్ డైరెక్టరు దాకా వెళ్లారు. మీ రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు సంగీత ప్రయోక్తగా రేడియోలోకి వచ్చారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు కూడా ఆయనే. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు గారు ఇంగ్లీషు లెక్చరరు. ఆ ఉద్యోగం వదిలి 1945లో ఆకాశవాణిలో చేరి, 1967లో పోయేదాకా అందులోనే ఉన్నారు. ఉషశ్రీ గారిది కాకరపర్రు. విజయవాడ కేంద్రం నుంచి ఆయన రామాయణం, భారతం చెబుతూ ఉంటే మా తణుకులో రోడ్డు మీద నడిచేవాళ్లు కిళ్లీ కొట్ల దగ్గర ఆగిపోయేవారు.

రేడియోను దాటి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కొంగర జగ్గయ్య గారు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివారు. తరువాత సినిమా, ఆ తరువాత 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభ. గొల్లపూడి మారుతీరావు గారు పత్రికలో ఉపసంపాదకుడిగా మొదలుపెట్టి రేడియోకు వచ్చారు. బదిలీల మీద ఒడిశాలోని సంబల్‌పూర్ దాకా వెళ్లి, అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరు అయ్యాక సినిమా నటుడయ్యారు.

వీళ్లంతా మహానుభావులు, వాళ్ల లెక్క వేరు అంటావేమో. మామూలు మనుషుల సంగతి కూడా చెబుతాను. నేను పనిచేసిన చోట వ్యవసాయ కార్యక్రమం చూసిన ఆయన వ్యవసాయ శాఖ నుంచి వచ్చారు. దుబ్బు చూసి ఏ తెగులో చెప్పగలిగేవారు. గుమాస్తాగా చేరిన ఒకావిడ నాటకాల ఆడిషన్ ఇచ్చి, పల్లెటూరి తల్లి పాత్రలకు మా అందరికీ మొదట గుర్తొచ్చే గొంతు అయ్యారు. నాటకాలకు వచ్చేవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, రైల్వే గార్డులు, బడి పంతుళ్లు ఉండేవారు. పగలు వాళ్ల ఉద్యోగం, సాయంత్రం మా స్టూడియో. ఓబీ రికార్డింగులకు, అంటే స్టూడియో బయట చేసేవాటికి, జీపు తోలిన డ్రైవరుకు ఏ ఊళ్లో ఎవరు బాగా మాట్లాడతారో నాకంటే బాగా తెలుసు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను. రేడియోకు రావడానికి ఇదే దారి అనేది ఎప్పుడూ లేదు. వేరే పని ఒకటి చేతికి వచ్చినవాళ్లు ఆ పనిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్లు తెచ్చినదానితోనే రేడియో నిండింది. మీ మావయ్య గారు చెప్పిన బీఎడ్ రేడియోకు అడ్డం అనుకోవద్దు. హాయిగా చెయ్యి.

రేడియోలో ఉద్యోగాలే లేవన్న ఆయన మాటలోనూ నిజముంది. శాశ్వత నియామకాలు చాలా ఏళ్లుగా అరుదైపోయాయి. 1997 నవంబరు 23న ప్రసార భారతి ఏర్పడ్డాక వ్యవస్థ మారింది. పదవీ విరమణ చేసినవాళ్ల స్థానంలో మనుషులు రావడం బాగా తగ్గింది. ప్రకటన కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవద్దు. ఇప్పుడు తెరిచి ఉన్నది క్యాజువల్ అనౌన్సరు, కాంపియరు (కార్యక్రమాన్ని నడిపించే వ్యాఖ్యాత) దారి. కేంద్రం ప్రకటన ఇస్తుంది, రాతపరీక్ష, వాయిస్ టెస్టు ఉంటాయి. నెగ్గినవారికి వాణి సర్టిఫికెట్ కోర్సని శిక్షణ ఇస్తారు. తరువాత నెలకు కొన్ని డ్యూటీలు, సాధారణంగా ఆరుకు మించవు. దాని మీద సంసారం నడవదు. అది ఉద్యోగం కాదనీ, శాశ్వతం చేస్తారనే హామీ లేదనీ తెలిసి వెళ్లాలి.

లోపల పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. అంబాజీపేట దగ్గర కొబ్బరి దింపు కార్మికుల మీద ఒక కార్యక్రమం చేశాను. మైకు పెట్టి "మీ కష్టసుఖాలు చెప్పండి" అంటే ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏముందండీ, చెట్టెక్కుతాం, దిగుతాం" అన్నాడు, అంతే. అప్పుడు కింద పడి ఉన్న కాయలు చూపించి, ఇందులో ముదురుది ఏదో ఎలా తెలుస్తుందని అడిగాను. కత్తి తిరగేసి పిడితో ఒక్కో కాయనూ తట్టాడు. ఒకటి మొద్దుగా పలికింది, ఇంకొకటి ఖంగుమంది. "ఇదిగో, ఇది నీళ్లు తగ్గిన కాయ" అని మొదలుపెట్టి, వాళ్ల నాన్న చెట్టు మీంచి పడిన రోజు దాకా చెప్పుకుంటూ పోయాడు. టేపు అయిపోతోందని నా పక్కనున్న ఇంజినీరు సైగ చేస్తున్నా నేను ఆపలేదు. స్టూడియోకు వచ్చి బ్లేడుతో టేపు కోసి అతికించేటప్పుడు నా ప్రశ్నలన్నీ తీసేశాను. ఆ కాయల చప్పుడుతోనే కార్యక్రమం మొదలైంది. ఇది ఏ కోర్సులోనూ నేర్పరు. తోటలో పెరిగిన నీకు ఇందులో సగం ఇప్పటికే వచ్చు.

వరదగేజి (విజయవాడ, పుట్టిల్లు ముమ్మిడివరం)

పాత టేపు గారికి నమస్కారం. నేను వార్తల వైపు సంగతి చెబుతాను. జూనియర్ కళాశాలలో చరిత్ర చెబుతాను. దానితో పాటు క్యాజువల్ పద్ధతిలో వార్తలు అనువదించి చదువుతాను. ఈ పనికి రాసుకున్న పేరే న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. గొంతు బాగుంటే చాలు అనుకుని వచ్చేవాళ్లు అనువాదం దగ్గర వెనుదిరుగుతారు. ఇంగ్లీషు కాపీ చేతికి వస్తుంది, గడియారం నడుస్తూ ఉంటుంది. ఆ కాసేపట్లో అది తెలుగు వార్త కావాలి. పరీక్షలో కూడా అనువాదానికి మంచి బరువుంటుంది. చెల్లీ, నీ తెలుగు ఎం.ఏ. ఇక్కడ పనికొస్తుంది. దానితో పాటు రోజూ ఒక ఇంగ్లీషు వార్త తీసుకుని చిన్న చిన్న వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకో.

వాక్యం ఒక కాగితం మీద మొదలై రెండో కాగితం మీద ముగియకూడదు. చదివిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకు జరపాలి, లేకపోతే ఆ చప్పుడంతా మైకులో పడుతుంది. ఇవి మాకు మొదటి రోజుల్లోనే నేర్పుతారు.

అంకెల సంగతి మాత్రం నేను సొంతంగా పట్టుకున్నాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. దీన్ని "పదకొండు పాయింట్ ఏడు ఐదు" అని గబగబా చదివితే, వానలో లంకలో కూర్చుని వినే మనిషికి చివరి ఐదే మిగులుతుంది. నేను "పదకొండు ముప్పావు అడుగులు" అని చదివి, వెంటనే "మొదటి ప్రమాద హెచ్చరిక" అని విడిగా పలుకుతాను. మూడు హెచ్చరికలూ ముప్పావు మీదే ఉన్నాయి కాబట్టి వినేవారికి ముందు అంకె పట్టుకుంటే సరిపోతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన వరదకు మా అమ్మావాళ్లు గేదెలను విప్పి గట్టెక్కించారు. ఆ ఇంటి పిల్లని. వరద వార్త చదివే ప్రతిసారీ నా గొంతు ఏ గడపలోకి వెళుతోందో నాకు కళ్లకు కడుతుంది. అందుకే అంకె దగ్గర ఎప్పుడూ తొందరపడను.

కోనసీమలో ఉంటూ చేయగలిగే పని గురించి అడిగావు. వార్తలు చదవడానికి కేంద్రం ఉన్న ఊళ్లోనో దగ్గరలోనో ఉండాలి, తప్పదు. జిల్లాలో ఉండి చేసేది పార్ట్‌టైమ్ కరస్పాండెంట్ పని. ప్రతి జిల్లాకూ ఒకరిని తీసుకుంటారు. జిల్లా కేంద్రానికి దగ్గరలో ఉండాలి, వార్తలు రాసిన అనుభవం ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మీకు జిల్లా కేంద్రం అమలాపురమే కాబట్టి దూరం బాధ తగ్గింది. ఇదీ ప్రతిఫలం కొద్దిగా ఉండే పనే. చేసేవాళ్లలో చాలామందికి వేరే వృత్తి కూడా ఉంటుంది. ముందు ఏదైనా దినపత్రికకు మండల స్థాయిలో రాస్తే ఆ అనుభవం వస్తుంది.

ఇంకో విషయం. ప్రైవేటు ఎఫ్ఎంలలో సొంత వార్తలు ఉండవు, అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తలనే యథాతథంగా వినిపించుకోవచ్చు. కాబట్టి మన దేశంలో రేడియో వార్తల్లో పనిచేయాలంటే తలుపు తట్టాల్సింది ఆకాశవాణిదే.

కొబ్బరితోట (రాజోలు)

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పాత టేపు గారూ, దింపు కార్మికుడి సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. "కాయను అలాగే తడతారు, నిజమే" అన్నారు. అక్కా, "ముప్పావు" మా నాయనమ్మకు చాలా నచ్చింది.

ఇంజినీరింగ్ వైపు ఆడపిల్లలు ఉంటారా? మా చెల్లి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది.

ఎనిమిది ముప్పై ఏడు (భీమవరం)

ఉంటారమ్మా. నాతో షిఫ్టులు చేసినవాళ్లలో ఉన్నారు, రాత్రి డ్యూటీలు కూడా చేశారు. నా దారి చెబుతాను. డిప్లొమా అయ్యాక భీమవరంలో టీవీలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టాను. ఒకవైపు కొట్టు నడుపుతూనే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి ఇంజినీరింగ్ అసిస్టెంటుగా చేరాను. మొదటి పోస్టింగు ఈశాన్య రాష్ట్రాల్లో. భాష తెలియదు, చలి కొత్త. ట్రాన్స్‌మిటర్ మాత్రం ఎక్కడైనా ఒకటే కాబట్టి నిలదొక్కుకున్నాను.

స్టూడియోను అందరూ ఊహించుకుంటారు కానీ ట్రాన్స్‌మిటర్ దగ్గరికి ఎవరూ రారు. మీడియం వేవ్ స్తంభం నేలకు ఆనదు. అడుగున పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడుతుంది, ఆ స్తంభం మొత్తం యాంటెనాయే. చుట్టూ భూమిలో చక్రం ఆకుల్లాగా రాగి తీగలు పాతి ఉంటాయి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్లతో వెళితే ఆ తరంగం నేలను అంటుకుని సాగుతుంది. మన డెల్టా నేల తడి నేల, ఉప్పు నేల. అందులో తరంగం బాగా పాకుతుంది. ఎఫ్ఎం చక్కగా వినిపిస్తుంది కానీ స్తంభానికి చూపు ఆనినంత మేరే. అందుకే తుపాను వేళల్లో మీడియం వేవ్ విలువ తెలుస్తుంది. 1996 నవంబరు 6 తుపాను తరువాత కోనసీమలో కరెంటు స్తంభాలు, టెలిఫోన్ తీగలు నేల మీద పడి ఉన్నప్పుడు బయటి లోకం కబురు వినాలంటే బ్యాటరీ రేడియోయే దిక్కు. మేము డీజిల్ జనరేటరు ఆగకుండా చూసుకోవాలి, అదే మా వార్త. మీడియం వేవ్‌ను తగ్గించుకుంటూ పోవడం నాకు బాధగా ఉంటుంది. ఫోనులో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ మంచిదే, నేనూ వింటాను. కానీ సెల్ టవరు పడిపోయిన రాత్రి అది పనిచేయదు.

మీ చెల్లిని ఆంటెన్నా సిద్ధాంతం బాగా చదవమని చెప్పు. కాలేజీలో ఆ పాఠాన్ని దాటేస్తారు.

తొంభై పాయింట్ నాలుగు (భీమవరం)

ఒక చిన్న మాట. మా భీమవరంలో శ్రీ విష్ణు మహిళా ఇంజినీరింగ్ కళాశాల ప్రాంగణం నుంచి రేడియో విష్ణు 90.4 అనే కమ్యూనిటీ రేడియో నడుస్తోంది. కమ్యూనిటీ రేడియో అంటే 100 వాట్ల చిన్న కేంద్రం, సుమారు పది కిలోమీటర్ల చుట్టుపక్కల వినిపిస్తుంది. ఇలాంటిచోట్ల కూడా సొంత వార్తలకు అనుమతి లేదు. అయితే రైతులతో, విద్యార్థులతో మాట్లాడి కార్యక్రమం చేయడం, కంప్యూటర్‌లో ఎడిట్ చేయడం నేర్చుకోవచ్చు. కమ్యూనిటీ రేడియోలో నేర్చుకుని ఆకాశవాణి వాయిస్ టెస్టు నెగ్గినవాళ్లు నాకు తెలుసు. రాజోలు నుంచి మరీ దూరమేమీ కాదు.

పాత టేపు (తణుకు)

చక్కగా చెప్పారు. అమ్మా, మీ అందరి మాటలూ చదివాక వాయిస్ టెస్టు గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. ఆ గదిలో అద్దానికి ఇవతల నేను చాలాసార్లు కూర్చున్నాను.

గొంతు మార్చి మాట్లాడవద్దు. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది తమకు నచ్చిన అనౌన్సరులా చదువుతారు, మొదటి వాక్యంలోనే మాకు తెలిసిపోతుంది. శ, ష, స మూడూ వేరుగా పలకాలి. ళ, ణ ఒత్తి పలకడం మన వైపు పిల్లలకు కష్టం కాదు కానీ, ఒత్తక్షరాలు తేలిపోతాయి: "ధవళేశ్వరం"లో ధ, "భీమవరం"లో భ. ఊళ్ల పేర్లు తప్పకుండా ఇస్తారు. రాష్ట్రం నాలుగు మూలల ఊళ్లూ, ప్రపంచ నాయకుల పేర్లూ ముందే బిగ్గరగా చదువుకో. చేతికి కాగితం ఇచ్చాక ఒకసారి చూసుకోవడానికి సమయం ఇస్తారు. ఆ సమయంలో పెదవులు కదపకుండా చదవద్దు, మెల్లగా పలుకుతూ చదువు, నాలుక ఎక్కడ తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది. తడబడిన మాట కింద పెన్సిలుతో గీత పెట్టుకో. వాక్యంలో ఊపిరి తీసుకునే చోట అడ్డగీత పెట్టుకో.

రాతపరీక్షలో సాహిత్యం, సంగీతం, జిల్లా సంగతులు, వర్తమాన విషయాలు అన్నీ అడగవచ్చు. రజనీకాంతరావు గారు ఎవరో తెలియకుండా విజయవాడ కేంద్రానికి పరీక్షకు వచ్చినవాళ్లను చూసి నొచ్చుకున్నాను. నువ్వు అలా వెళ్లవు.

మీ నాయనమ్మ గారికి పేపరు చదవడం ఆపవద్దు. రేపటినుంచి చదివేటప్పుడు ఫోనులో రికార్డు చేసి, సాయంత్రం నువ్వే విను. ఆవిడ మళ్లీ చదవమన్న చోటల్లా గుర్తు పెట్టుకుని ఒక కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు. ఆ వాక్యాలను ఎలా విరవాలో నేనూ, విజయవాడ చెల్లెమ్మా కలిసి చూసి చెబుతాం.